తొమ్మిది పాయింట్ అయిదు వచ్చిన పిల్ల

నేను ఉద్యోగం చేసిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని అబద్ధపు ఉత్తరాలు రాశానో నాకే తెలియదు. ఒక్కటీ చెడు ఉద్దేశంతో రాసింది కాదు. పిల్లలు బాగుపడాలనే రాశాను. మంచి ఉద్దేశంతో చెప్పే అబద్ధాలకి అడ్డూ అదుపూ ఉండదని రిటైరయ్యే ముందు గానీ నాకు తెలిసిరాలేదు.

భిలాయిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్సు చెప్పేదాన్ని. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి క్యాంప్ 1 అనే బస్తీలో కాపురం పెట్టారు. నేను పుట్టి పెరిగింది అక్కడే. ఈ ఊళ్ళో పదో తరగతి దాటిన పిల్లలంతా ఇంజనీరింగు కోచింగుకి పోతారు. ర్యాంకు రానివాళ్ళలో కొందరు మా కాలేజీకి వస్తారు. ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే "బి.ఎస్సీ." అని చెప్పి, ఊపిరి తీసుకోకుండా "మళ్ళీ ట్రై చేస్తన్నాను అంకుల్" అని కలిపేవాళ్ళు.

అలాంటి పిల్లలకి ఎండాకాలంలో ఒక దారి ఉంది. ఇప్పుడు ఇది చదువుతున్న మీలో సైన్సు పిల్లలకి తెలిసే ఉంటుంది. పెద్ద పెద్ద పరిశోధనా సంస్థలు డిగ్రీ చదివేవాళ్ళని మే, జూన్ నెలల్లో పిలిచి, ఒక శాస్త్రవేత్త దగ్గర కూర్చోబెట్టి, నిజమైన పని చేయిస్తాయి. ఉండడానికి గది, తిండి వాళ్ళే చూసుకుంటారు. అందుకు మార్కులు పంపాలి, నాకు ఇది ఎందుకు కావాలి అని ఒక పేజీ రాయాలి, ఆ విద్యార్థి గురించి బాగా తెలిసిన టీచరు చేత ఒక ఉత్తరం రాయించాలి. ఆ "బాగా తెలిసిన" అన్న దగ్గరే నేను ఏటా కళ్ళు మూసుకునేదాన్ని.

నా దగ్గర ఒక ఉత్తరం ఉండేది. మా డిపార్టుమెంటు హెడ్డుగారు ఇచ్చింది. ఆయనకి వాళ్ళ ప్రొఫెసరు ఇచ్చారట. అంటే ఆ ఉత్తరం నాకంటే సీనియరు. "ఇతడు కష్టపడే స్వభావం కలవాడు, సమయపాలన కలవాడు, నా సర్వీసులో నేను చూసిన అత్యుత్తమ విద్యార్థి" అని ఇంగ్లీషులో నడిచేది. జనవరి రాగానే పేరు మార్చి పంపేదాన్ని. ఫారంలో ఒక గడి కూడా ఉండేది: ఈ విద్యార్థి మీ తరగతిలో పై నుంచి ఎంత శాతంలో ఉంటాడు? నేను ఎప్పుడూ ఒక్క శాతం దగ్గరే టిక్కు పెట్టాను. మా క్లాసులో ముప్ఫై ఏడుగురు. అందులో ఒక్క శాతం అంటే మనిషిలో మూడో వంతు. ఆ మూడో వంతులో నేను ఏటా అయిదారుగుర్ని సర్ది కూర్చోబెట్టాను.

ఇలా హాయిగా సాగిపోతుండగా, నా రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు, ఫిబ్రవరిలో ఒక పొద్దున ఫోను వచ్చింది. ఫస్టు అవరు అయిపోయి స్టాఫ్‌రూములో టీ తాగుతున్నాను. అవతల ఒక పెద్ద సంస్థలో శాస్త్రవేత్త. ఆడమనిషి. హిందీలో మాట్లాడారు, చాలా మెత్తగా. ఆ మెత్తదనానికే నేను భయపడి ఉండాల్సింది.

"మేడం, మీ విద్యార్థిని ఒకామె మాకు దరఖాస్తు పెట్టింది. మీరు ఉత్తరం పంపారు."

"అవునండీ, చాలా మంచి పిల్ల" అన్నాను.

"మూడో పేరాలో ఆమె పేరు మారిపోయింది. అబ్బాయి పేరుంది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"ఆ అబ్బాయి పోయినేడు మా దగ్గరికే వచ్చాడు. అతనికి మీరు రాసిన ఉత్తరం కూడా ఇప్పుడు నా ముందు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కామాలతో సహా ఒకటే."

మాట మారుద్దామని "ఆ అబ్బాయి మీ దగ్గర బాగా చేశాడా అండీ?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మర్యాదస్తుడు. అందరికంటే ముందు వచ్చేవాడు. ఒక రోజు చాలా అందమైన రీడింగులు తెచ్చి చూపించాడు. గ్రాఫు గీస్తే ఒక్క చుక్క కూడా గీత తప్పలేదు. ఆ రోజు మా ల్యాబులో సాయంత్రం దాకా కరెంటు లేదు."

స్టాఫ్‌రూములో ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాను.

"నేను తిట్టలేదు మేడం. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. మా కాలేజీలో ఇలాగే చేస్తాం అన్నాడు." ఆవిడే మళ్ళీ, "ఈ రోజు అయిదింటికి ఇంటర్వ్యూల జాబితా మూసేస్తున్నాం. ఈ అమ్మాయి రాసుకున్న పేజీ నాకు నచ్చింది. కానీ నిరుడు నమ్మి తీసుకున్నాను కదా. ఈమె గురించి మీకు నిజంగా తెలిసింది ఒక పేజీ రాసి పంపండి. అది లేకుండా తీసుకోలేను" అన్నారు.

ఫోను పెట్టేశాక కాగితం తీసుకుని కూర్చున్నాను. తెలిసింది రాద్దామని. ఆ పిల్ల మూడో బెంచీ, కిటికీ వైపు. పక్కనున్న చరోదా నుంచి వస్తుంది. వాళ్ళ నాన్నది రైల్వేలో ఏదో పని. తెలుగువాళ్ళే, కోస్తా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పిల్లకి మాత్రం తెలుగు కన్నా హిందీ నయం. అక్కడికి నా సరుకు అయిపోయింది. రెండేళ్ళు వారానికి నాలుగు రోజులు నా ఎదురుగా కూర్చున్న మనిషి గురించి అయిదు లైన్లు రాలేదు.

పిల్లనే పిలిపిద్దామని ల్యాబుకి వెళ్ళాను. మా ల్యాబు అటెండరు శ్రీకాకుళం మనిషి. మా క్యాంప్ 1లోనే ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు ముందే కాలేజీలో చేరాడు. ఆ సంగతి ఏ సందర్భంలోనూ మర్చిపోనిచ్చేవాడు కాదు.

"ఇయ్యాల రానేదమ్మా. ఆ ఫారానికి ఏదో సర్టిఫికెట్ గావాలని దుర్గ్ ఎల్లినాది. రెండింటికల్లా ఒచ్చేస్తానంది" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"నాకు తెల్దేటి? రోజూ నాను తాళం ఏసేదాకా ఈడే ఉంటాది కదా."

ఆ ముక్క నాకు తెలియదు. నేను నాలుగింటికే ఇంటికి పోయేదాన్ని. "ఏం చేస్తుంది అంతసేపు?"

"ఏటేటో సేస్తాది. పాడైపోయిన ఓల్టుమీటర్లు మూడు బాగు సేసినాది. బాగున్నయి రెండు పాడు సేసినాది."

"పాడు చేసిందా?"

"లోపలేటున్నాదో సూడాలని ఇప్పినాది. మల్ల బిగించడం రానేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే మీరు రిజిస్టర్లో ఎక్కించేస్తారు గదా అమ్మా" అన్నాడు, అంత తెలివితక్కువ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు.

బీరువాలోంచి ఆ పిల్ల రికార్డు పుస్తకం తీయించాను. తిప్పుతూ పోతే లోలకం ప్రయోగం దగ్గర నా ఎర్ర ఇంకు కనబడింది. మీలో సైన్సు చదవనివాళ్ళకి చెబుతాను. దారానికి గుండు కట్టి ఊపాలి. దారం పొడవు కొలవాలి, ఒక్కో ఊపుకి ఎంత సమయం పడుతుందో చూడాలి. ఆ రెండింటితో భూమి ఆకర్షణ ఎంతో లెక్క కట్టాలి. జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఇది ప్రయోగం చెయ్యకముందే అందరికీ తెలుసు. చేసేటప్పుడు కూడా అదే గుర్తుంటుంది. అందుకే మా క్లాసులో ముప్ఫై ఆరుగురికి తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చింది.

ఈ పిల్లకి తొమ్మిది పాయింట్ అయిదు వచ్చింది. నేను దాన్ని కొట్టేసి "మళ్ళీ చెయ్యి" అని రాశాను. మళ్ళీ చేసింది, మళ్ళీ తొమ్మిదిన్నరే. మళ్ళీ ఎర్ర గీత. మూడోసారీ అంతే. నాలుగో పేజీలో తొమ్మిది పాయింట్ ఎనిమిది, దాని కింద "బాగుంది" అని నా సంతకం. నాకు అప్పుడు గుర్తొచ్చింది. మూడోసారి పుస్తకం విసురుగా తోసి, "అందరికీ వచ్చింది నీకెందుకు రాదు? పక్క టేబుల్ చూడు" అన్నది నేనే.

పుస్తకం చివరి అట్ట లోపలి వైపు పెన్సిలుతో సన్నగా నాలుగు లైన్లు ఉన్నాయి. టేపు సాగిందని, నూటికి మూడు తక్కువ చూపిస్తోందని, సరిచేస్తే జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిదికి వస్తోందని. దాని కింద హిందీలో, "మేడం ఆల్రెడీ సైన్ చేసేశారు" అని.

"ఏ టేపు?" అని అడిగాను.

అటెండరు ఫ్యాను వైపు చూశాడు. "మా ఇంటిదానిదమ్మా. జాకెట్లు కుడతాది గదా. కొత్తది కొన్నాక పాతది నాను తెచ్చినాను."

"ల్యాబులో బట్టలు కుట్టే టేపేమిటి?"

"చెక్క స్కేళ్ళు ఇరిగిపోయి రెండేళ్ళయినాది. ఇండెంటు పెట్టండని మీకు రెండుసార్లు సెప్పినాను. మీరు సూద్దాం అన్నారు. మీరు సూసే దాకా పిల్లలు ఊరుకుంటారేటి?"



రెండున్నరకి పిల్ల వచ్చింది. దుర్గ్ ఎండలో తిరిగి ముఖం కందిపోయి ఉంది. నా ముందు తెరిచి ఉన్న రికార్డు చూడగానే, ముందు అటెండరు వైపు చూసింది. "మేడం, అంకుల్‌ది ఏం తప్పు లేదు. ఓల్టుమీటర్లు నేనే విప్పాను" అంది. నేను ఇంకా ఓల్టుమీటర్ల పేరు ఎత్తనే లేదు.

కూర్చోమని, "టేపు సాగిందని నీకెలా తెలిసింది?" అని అడిగాను.

"మూడుసార్లు చేసినా అదే వచ్చింది కదా మేడం. నాది గలత్ అయితే ఒక్కోసారి ఒక్కోలా రావాలి. అందుకని టేపు మీద షక్... అనుమానం వచ్చింది. ఇంటికి పట్టుకెళ్ళాను."

"ఇంట్లో ఏముంది?"

"పటరీ ఉంది కదా" అంది. వాళ్ళ నాన్న చరోదా యార్డులో రైలు పట్టాల పని చేస్తాడు. రెండు పట్టాల మధ్య ఎడం నూట అరవై ఏడు పాయింట్ ఆరు సెంటీమీటర్లు ఉండాలని, అది కాస్త అటూఇటూ అయితే పై అధికారులు ప్రాణం తీస్తారని ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. వాడకంలో లేని ఒక లైను మీద, తండ్రిని పక్కన నిలబెట్టుకుని ఈ టేపుతో కొలిచింది. టేపు నూట యాభై దగ్గరే అయిపోతుంది కాబట్టి చాక్‌పీసుతో గుర్తు పెట్టి మిగతాది కొలిచింది. మొత్తం నూట అరవై రెండున్నర వచ్చింది. "పాపా మొదట కంగారుపడ్డారు మేడం, పట్టాలే దగ్గరికి జరిగిపోయాయేమోనని."

అటెండరుకి వేరే భయం పట్టుకుంది. "అయితే ఇన్నాళ్ళూ మా ఇంటిది కుట్టిన జాకెట్లన్నీ తప్పేనా?"

"కాదు అంకుల్" అంది పిల్ల. "ఆంటీ మనిషినీ దాంతోనే కొలిచారు, గుడ్డనీ దాంతోనే కొలిచారు. రెండు వైపులా ఒకటే గలతీ. జాకెట్టు కరెక్టే వస్తుంది. మనం ఒక్క దారాన్నే కొలిచాం కదా, అందుకే దొరికిపోయాం."

దాదాపు ముప్ఫై ఏళ్ళుగా నేను కొలతల్లో దోషాల పాఠం చెబుతున్నాను. బోర్డు నిండా సూత్రాలు రాసేదాన్ని. జాకెట్టు ఊసు ఒక్కసారైనా రాలేదు.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

తల వంచుకుని, "చెబితే మళ్ళీ రికార్డు రాయమంటారని. అంకుల్ టేపు సంగతి బయటపడుతుందని" అంది. "ఇంకా... మీరు సైన్ చేసింది తప్పని మీకెలా చెప్తాం మేడం" అంది.

అప్పటికి మూడు దాటింది. స్టాఫ్‌రూముకి వచ్చి రాయడం మొదలుపెట్టాను. ఈసారి పెన్ను ఆగలేదు. మూడుసార్లు తొమ్మిదిన్నర వచ్చిందని, నేను మూడుసార్లు కొట్టేశానని, పక్కవాళ్ళది చూసి రాయమన్నది నేనేనని రాశాను. పట్టాల సంగతి, జాకెట్ల సంగతి రాశాను. మూడు ఓల్టుమీటర్లు బాగు చేసింది, రెండు పాడు చేసింది అని కూడా రాశాను. ఆఖర్న, పోయినేడు మీ దగ్గరికి వచ్చిన అబ్బాయిది తప్పు కాదు, అతనికి చెప్పిన పాఠమే అది, చెప్పింది నేను అని రాశాను. ఆ లైను రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

హెడ్డుగారు నా భుజం మీదుగా చదివారు. ఉత్తరాది మనిషి, మర్యాద తప్పకుండా కోప్పడతారు. "మేడంజీ, మీకు ఒంట్లో బాగానే ఉందా? మన ల్యాబులో దర్జీ టేపుతో భూమిని కొలుస్తున్నారని మీరే రాసి పంపిస్తారా?"

"రాయకపోతే ఆవిడకి తెలియదనుకుంటున్నారా సర్?"

"పాత ఉత్తరానికేం వచ్చింది? ఎంతమందిని పంపింది అది."

"సర్, అందులో అమ్మాయిని కూడా 'ఇతడు' అని రాశాం."

ఆయన కాసేపు ఆలోచించి, "అది మార్చుకోవచ్చు కదా" అన్నారు.

నాలుగున్నరకి ఫారం తెరిచాను. మళ్ళీ ఆ శాతాల గడి వచ్చింది. అలవాటు కొద్దీ వేలు ఒక్క శాతం మీదికే పోయింది. వెనక్కి తీసుకుని, "చెప్పలేను" అన్న దాని మీద పెట్టాను. ఆ గడి అన్నేళ్ళుగా అక్కడే ఉంది. దాన్ని నొక్కినవాళ్ళు ఎవరైనా ఉంటారా అని నాకు ఎప్పుడూ అనుమానమే. అయిదుకి పది నిమిషాలుండగా ఉత్తరం వెళ్ళిపోయింది.

పిల్లకి ఆ ఉత్తరంలో ఏముందో చెప్పలేదు. ఇంటికి వచ్చాక మాత్రం బెంగ పట్టుకుంది. నా తప్పు ఒప్పుకున్న సంతోషంలో ఆ పిల్ల ఓల్టుమీటర్లు పాడు చేసిన సంగతి కూడా రాసేశానే, ఆ ఒక్క ముక్కకే తీసెయ్యరు కదా అని. నిజం చెప్పడం అలవాటు లేనివాళ్ళు చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు.

పది రోజుల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది, వీడియోలో. స్టాఫ్‌రూములో కంప్యూటరు ముందు పిల్లని కూర్చోబెట్టి, నేను కెమెరాకి కనబడకుండా బీరువా పక్కన నిలబడ్డాను. మంచినీళ్ళు అందించేందుకని చెప్పి అటెండరు కూడా నా వెనకే చేరాడు. హెడ్డుగారు ఏదో ఫైలు వెతుకుతున్నట్టు గదిలోనే తచ్చాడుతున్నారు.

ఆ శాస్త్రవేత్త మొదటి ప్రశ్నే ఇది వేశారు. "మీ మేడం నీ చేత తప్పుడు రీడింగు రాయించానని ఒప్పుకున్నారు. అది నీకు వచ్చిన జవాబు కాదని నీకు తెలుసు. మరి ఎందుకు రాశావు?"

పిల్ల ఒక్కసారి బీరువా వైపు చూసింది. అప్పుడే దానికి ఉత్తరంలో ఏముందో తెలిసింది. మళ్ళీ తెర వైపు తిరిగి హిందీలో చెప్పింది. "మార్కులు కావాలి మేడం. మార్కులు లేకపోతే మీ ఫారం నింపడానికే లేదు."

హెడ్డుగారి చేతిలో ఫైలు అలాగే ఉండిపోయింది. అవతల ఆవిడ నవ్వడం వినబడింది. "అదీ నిజమే. మా ఫారం కూడా ఒకసారి చూసుకోవాలి" అన్నారు.

మే నెల మొదటి వారంలో పిల్ల దుర్గ్‌లో రైలెక్కింది. వాళ్ళ నాన్న కిటికీ దగ్గర నిలబడి, ఫోను ఛార్జింగు, నీళ్ళ సీసా, సీటు నంబరు అన్నీ నాలుగేసిసార్లు చెప్పాడు. రైలు కదిలాక నా వైపు తిరిగి, "అక్కడ మా పిల్ల ఏటి సేస్తాదండి?" అని అడిగాడు. "ఏదో ఒకటి విప్పుతుంది" అన్నాను. ఆయనకి అది జవాబులా అనిపించలేదు కానీ తల ఊపాడు.

ఈలోగా నేను ఇండెంటు పెట్టి ఉక్కు స్కేళ్ళు తెప్పించాను. జులైలో కొత్త సంవత్సరం మొదలవగానే, వచ్చిందే రాయండి, ఎవరికైనా కచ్చితంగా తొమ్మిది పాయింట్ ఎనిమిది వస్తే ఎలా వచ్చిందో నాకు చూపించాలి అన్నాను. మొదటి వారం ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా అన్ని అంకెలూ వచ్చాయి. ఒకడికి నాలుగు వచ్చింది. వాడి లెక్క ప్రకారం మేమంతా సగం తేలిపోతూ ఉండాలి. హెడ్డుగారు నెల రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడారు. ఆ నెలంతా నాకు హాయిగానే గడిచింది.

ఆ జులైలోనే పిల్ల తిరిగొచ్చింది. రెండు నెలల్లో మూడు వారాలు ఒక పంపు బాగవడం కోసమే కూర్చున్నారట. తన గ్రాఫులో ఒక చుక్క గీతకి దూరంగా పడిందని, ఎందుకు పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదని సంబరంగా చెప్పింది. తను రాసిన రిపోర్టు ఒక కాపీ తెచ్చి అటెండరు చేతిలో పెట్టింది. నాకు కాదు, ఆయనకి. క్లాసుకి వేళవుతోందని వెళ్ళిపోయింది.

ఆయనకి ఇంగ్లీషు రాదు. నన్ను చదవమన్నాడు. మొదటి పేజీలో తనకి సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు రాసింది. అందరికంటే ముందు ఆయన పేరు ఉంది, సాయంత్రాలు ల్యాబుకి తాళం వేయకుండా ఆగినందుకు. తర్వాత వాళ్ళ నాన్న. ఆ తర్వాత సంస్థలో వాళ్ళందరూ. అట్టడుగున నేను, "నాకు తప్పుడు జవాబు చెప్పి, ఆ సంగతి ఒప్పుకున్న మా మేడంకి" అని.

చదువుతూ తెలుగులో చెప్పాను, నా లైను కూడా దాచకుండా. ఆయన స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు.

"మొదటి ముక్క ఇంకోపాలి సదవండమ్మా" అన్నాడు.

చదివాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను చెప్పిన పాఠాల్లో, ఎదుటి మనిషి మళ్ళీ చెప్పమని అడిగింది అదొక్కటే.